ఇంజనీరు నాయన వదిలిపోయిన ట్రంకుపెట్టె: ఏడాది తిరిగేలోపు సంస్మరణ పుస్తకం తేవడమెట్లా

రిటైరైన ఇంజనీరు పోయాక ఇంట్లో మిగిలేది ఒక ఇనుప బీరువా, దాని కింద ఒక ట్రంకుపెట్టె. కర్నూలు, కడప, అనంతపురం వైపు ఇరిగేషన్‌లోనో ఆర్ అండ్ బీలోనో ముప్ఫై ఏళ్లు చేసి, విరమణ తర్వాత వంశవృక్షం గీసుకుంటూ, బడికీ గుడికీ పనులు చూసిపెట్టిన మనిషైతే ఆ పెట్టె మూత కూడా సరిగా పడదు. పెద్దకర్మ మర్నాడు ఇల్లు సర్దే ఊపులో పాత పేపర్లతో పాటు తూకానికి పోయేవి ఆ కాగితాలే. అందుకే మొదటి పని రాయడం కాదు, పెట్టెకు తాళం వేయడం.

పొగడ్తల కోసమైతే పుస్తకం అక్కర్లేదు, పెద్దకర్మ నాడు మైకులో చెప్పినవి చాలు. పుస్తకంలోకి రావాల్సినవి పేర్లు, ఊర్లు, తేదీలు, కొలతలు. బెంచిమార్కు (ఎత్తు తెలిసిన గుర్తు) లేకుండా లెవెల్ మొదలుపెట్టని మనిషి గురించి ఆధారం లేని వాక్యం రాస్తే ఆయనకే నచ్చదు.

పెట్టె తెరిచేముందు

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. సర్టిఫికెట్లు ఒకటి రెండు కాదు, పది తీసిపెట్టుకోండి. ఫ్యామిలీ పెన్షన్‌కు పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) అసలుది కావాలి. దాన్ని స్కాన్ చేసుకుని ఆ రోజే అమ్మ ఫైలులో పెట్టేయండి. పుస్తకం కట్టలో కలిపారంటే ట్రెజరీకి పోయే రోజు ఇల్లంతా వెతకాలి.

పెట్టెలో ఎం-బుక్ కనిపిస్తే అది ఇంటి సొత్తు కాదు. బిల్లులకు ఆధారమైన కొలతల పుస్తకం, సర్కారు రికార్డు. ఆయన చేసిన డివిజన్ ఆఫీసుకు ఒక లెటరు పెట్టి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. సొంత డైరీలు, టూర్ నోట్సు, నోటుపుస్తకంగా వాడుకున్న పాత లెవెల్ బుక్కులు మాత్రం జాగ్రత్త. రీడింగులు రాసిన పేజీలకు వెనకవైపు బంధువుల పేర్లు, పెళ్లి తేదీలు రాసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. ముందు పేజీ చూసి పక్కన పడేస్తే అసలు సరుకు పోతుంది.

తెరిచాక ఏదీ కదిలించకముందే పై నుంచి ఫొటో తీయండి. ఒక్కో పొర తీస్తూ మళ్లీ ఫొటో. ఏ కాగితం ఏ కట్టలో, దేని పక్కన ఉందో కూడా ఒక సమాచారమే. ఊరి పేరు లేని భూమి రసీదు ఏ ఊరిదో దానితో కట్టి ఉన్న ఉత్తరమే చెబుతుంది. కట్టలకు 1, 2, 3 అని, లోపలి కాగితాలకు 1/1, 1/2 అని నంబర్లు వేయండి. మెత్తని 2బీ పెన్సిల్‌తో, వెనక మూలలో. పెన్ను వద్దు, ఫొటో వెనకైతే అసలే వద్దు, సిరా ముందుకు దిగుతుంది. తుప్పు పట్టిన గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. చిరిగినచోట సెలోటేపు వేయొద్దు, కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. ల్యామినేషన్ అంతకన్నా చేటు, వేడికి కాగితం కాలినట్టవుతుంది, మళ్లీ విడదీయలేరు.

స్కానింగ్‌కు కాగితాలైతే 300 డీపీఐ, పోస్టుకార్డు సైజు ఫొటోలు 600, పాస్‌పోర్టు ఫొటోలు 1200. దాచుకునే నకలు టిఫ్‌లో, వాట్సాప్‌లో పంపేది జేపీజీలో. ఫైలు పేరు మొదట్లో కట్ట నంబరే ఉండాలి. జిగురు ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోను గోటితో లేపకండి, సన్నటి నైలాన్ దారాన్ని వెనక నుంచి రంపంలా ఆడిస్తే ఊడొస్తుంది. 2009 అక్టోబరు వరదలో మునిగిన కర్నూలు ఇళ్లలో అద్దానికే కరుచుకుపోయిన ఫొటోలు ఇంకా ఉన్నాయి. వాటిని పీకే ప్రయత్నం చేయకుండా అద్దంతో పాటే స్కానర్ మీద పెట్టండి. బ్లూప్రింట్లు, అమోనియా ప్రింట్లు ఎండకు వెలిసిపోతాయి, నీడలోనే పరిచి ఫొటో తీయాలి.

ఉద్యోగం పేజీలు

సర్వీసు రిజిస్టరు నకలు దొరికితే అదృష్టమే. లేకుంటే ఎల్పీసీలు (చివరి జీతం ధ్రువపత్రాలు) చూడండి. ప్రతి బదిలీకీ ఒకటి ఇస్తారు కాబట్టి వాటిని తేదీల వారీగా పేరిస్తే ఉద్యోగ జీవితం మొత్తం వరసలోకి వస్తుంది. రిలీవైన తేదీ, చేరిన తేదీ వేరువేరుగా రాయండి. ఓవర్‌సీర్, సూపర్‌వైజర్, జేఈ, ఏఈ అంటూ పోస్టుల పేర్లు కాలాన్ని బట్టి మారాయి. కాగితంలో ఏముంటే అదే రాయాలి, ఇప్పటి పేరుకు మార్చొద్దు.

విరమణ ఏడాదిలోంచి 58 తీసేసి పుట్టిన ఏడు రాసేయడం మామూలుగా జరిగే పొరపాటు. 1983లో విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు, తర్వాత మళ్లీ 58 చేశారు. ఆ మధ్య దిగిపోయినవాళ్లకు లెక్క తప్పుతుంది. పైగా బడిలో చేర్చిన అయ్యవారు వేసిన తేదీ ఒకటి, జేజి చెప్పే తిథి ఒకటి. రెండూ రాయండి, ఏది ఎక్కడిదో చెప్పండి.

పనుల దగ్గర ఇంకో చిక్కు. పాత కాలువ కాగితాల్లో ‘40/3’ అని ఉంటే అది 40 మైళ్ల 3 ఫర్లాంగులు, అంటే దాదాపు 65 కిలోమీటర్లు. 40.3 కిలోమీటర్లని రాసేస్తే మనిషి పని చేసిన చోటు పాతిక కిలోమీటర్లు జరిగిపోతుంది. ఒక క్యూసెక్కు సెకనుకు 28.3 లీటర్లు, ఒక టీఎంసీ 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఈ రెండూ పుస్తకంలో ఒకచోట వేయండి, మనవళ్లకు పనికొస్తాయి.

‘శ్రీశైలం డ్యాం కట్టినాడు’, ‘కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఈయన చలవే’ లాంటి మాటలు తీసేయండి. శ్రీశైలానికి 1963లో శంకుస్థాపన జరిగింది, నీళ్లు నిలబడేసరికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది, వేలమంది చేతులు పడ్డాయి. కేసీ కెనాల్‌ను 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఈయన పుట్టకముందే అది పారుతోంది. ‘ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా ఈ మైలు నుంచి ఆ మైలు వరకు మరమ్మతులు, రెండు తూములు, ఒక అక్విడక్టు’ అని రాస్తే అది ఆయన పని. ఆ తూము దగ్గరికి పోయి ఒక ఫొటో తీసుకొస్తే ఇంకా మంచిది.

వంశవృక్షం: అసలు కష్టం ఇక్కడే

ఆయన గీసిన చార్టును అట్లాగే అచ్చుకిచ్చేయకండి. ముందు ప్రతి మనిషికి ఒక చీటీ చేయండి, పోస్టుకార్డు సైజు అట్ట సరిపోతుంది. అందులో ఉండాల్సినవి: వరస నంబరు, పెట్టిన పేరు, పిలుపు పేరు, పుట్టింటి ఇంటిపేరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, భార్య లేదా భర్త నంబరు, పుట్టుక, మరణం, ఊరు. చివర ‘ఎట్లా తెలిసింది’ అని ఒక గీత. ఈ ఆఖరి గీత ఖాళీగా ఉన్న చీటీ పుస్తకంలోకి పోకూడదు. ‘చిన్నత్త చెప్పింది, ఫలానా తేదీన’ అన్నా ఆధారమే.

పిలుపు పేరు ఎందుకంటే, మామ పేరు కొడుక్కి పెట్టుకున్న కోడలు ఆ పేరెత్తి పిలవదు. బిడ్డ ‘అబ్బోడు’, ‘నాయనా’ అయిపోతాడు, ఆస్తి కాగితాల్లో మాత్రం అసలు పేరుంటుంది. ఒకే ఇంట్లో పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు ఉండొచ్చు. తాత పేరు మనవడికి రావడంతో తరం మారినా పేరు మారదు. హిందువుల ఇళ్లలో దస్తగిరి, మస్తాన్, కుళ్లాయప్ప అని కనిపిస్తే ఎవరో తప్పు రాశారనుకుని దిద్దకండి. దర్గాకో, గూగూడు పీర్లకో మొక్కుకుని పెట్టుకున్న పేర్లవి, ఈ సీమలో మామూలే.

నంబర్ల విషయంలో చాలా కుటుంబాలు ఒక గుంతలో పడతాయి. తనకు 1, తండ్రికి 2, తల్లికి 3, ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ల తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి అనే పద్ధతి ఒకటుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఇంజనీర్లకు మరీ నచ్చుతుంది. మేనరికం వచ్చిందంటే ఆ ముచ్చట తీరిపోతుంది. తండ్రి మేనమామ కూతుర్ని చేసుకున్నాడనుకోండి. తండ్రి తల్లి 5, తల్లి తండ్రి 6. వాళ్లిద్దరూ అక్కాతమ్ముళ్లు, కాబట్టి వాళ్ల నాయనకు 10, 12 అని రెండు నంబర్లు పడతాయి. అక్క కూతుర్నే చేసుకుని ఉంటే 4, 14 ఒకే మనిషి. నాలుగు తరాలు పోయేసరికి ఒక్క ముత్తాత నలుగురవుతాడు. అందుకని అర్థం లేని వరస నంబరే మేలు: ఎవరి చీటీ ముందు రాస్తే వాళ్లకు తర్వాతి నంబరు, ఒకసారి ఇచ్చాక మార్చేది లేదు. చార్టులో ఆ మనిషి రెండుచోట్ల కనిపిస్తే ఒకచోట వివరాలు, రెండోచోట ‘27 చూడండి’ అని వేస్తే సరి.

కంప్యూటర్‌లో చేసేట్టయితే గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, తెలుగు పేర్లు బాగానే తీసుకుంటుంది. వేరేవాళ్లకు ఇవ్వడానికి జెడ్‌కామ్ (వంశవృక్షం సాఫ్ట్‌వేర్లన్నీ చదవగలిగే) ఫైలు తీసేటప్పుడు అది యూటీఎఫ్-8లో ఉందో లేదో చూసుకోండి, లేకుంటే అవతలివాళ్లకు తెలుగంతా ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

పాత చార్టుల్లో ఆడపిల్లలు ఉండరు. కొడుకుల గీతలు మాత్రమే కిందికి దిగుతుంటాయి. ఆయన చార్టూ అట్లాగే ఉంటే దాన్ని పూర్తి చేయడమే ఆయనకు చేసే మంచి పని. ఆడవాళ్లను పుట్టింటి ఇంటిపేరుతోనే నమోదు చేసి, మెట్టినింటిది తర్వాత రాయండి. దత్తత, ఇల్లరికం ఉంటే చీటీ మీద రెండు జతల తల్లిదండ్రుల నంబర్లూ వేయాలి. అచ్చులో వేయాలా వద్దా అన్నది బతికున్నవాళ్లను అడిగి తేల్చుకోండి. చీటీలో మాత్రం నిజమే ఉండాలి.

ముసలివాళ్లను అడిగేటప్పుడు ప్రశ్నలతో మొదలుపెట్టొద్దు. పెళ్లి ఫొటో పెద్దదిగా ప్రింటు తీసుకుపోయి చేతిలో పెట్టండి. తలల మీద పెన్సిల్‌తో 1, 2, 3 వేసుకుంటూ పోతే పేర్లు వాటంతటవే వస్తాయి. ఫ్యాను ఆపండి, ఫోను టవల్ మీద పెట్టండి, లేకుంటే రికార్డింగులో గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. ఇద్దరు పెద్దవాళ్లను కలిపి కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాళ్ల మాటే నిలుస్తుంది, విడివిడిగా అడగాలి. అబ్బ, తాత, అవ్వ, జేజి అన్న మాటలకు ఒక్కో ఊళ్లో ఒక్కో అర్థం. ‘జేజి అంటే నాయనను కన్నదా, అమ్మను కన్నదా’ అని వెంటనే అడిగేయండి.

ఏడు తెలియకపోతే ఆనవాలు అడగండి. గంజి కేంద్రాలు పెట్టిన కరువు (1952), కర్నూలు రాజధాని అయిన ఏడు (1953), ఎమర్జెన్సీ, శ్రీశైలం నీళ్లలో ఊరు మునిగిన ఏడు. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని మర్చిపోవద్దు. ధాత అంటే 1876 కావచ్చు, ధాత కరువు అదే. 1936 కావచ్చు, 1996 కావచ్చు. ‘ధాత మాఘ బహుళం’ అని జాతకంలో ఉంటే అది 1936 కాదు, 1937 మొదట్లో. ఉగాది దాకా పాత పేరే నడుస్తుంది కదా. అడంగల్లో (ఊరి సాగు లెక్కల పుస్తకం) ఉండే ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరానికి జులై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. 1360 ఫసలీ అంటే 1950 జులై 1 నుంచి 1951 జూన్ 30.

కాగితాల్లో అన్నిటికన్నా బలమైనది భాగపరిష్కార దస్తావేజు. అన్నదమ్ములందరూ, వాళ్ల నాయన పేరు, ఒక్కోసారి వాటా లేని అక్కచెల్లెళ్లు కూడా అందులో ఉంటారు. ఈసీలు (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రాలు) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తాయి. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి, దానికి గ్రామం, సర్వే నంబరు ముందే చేతిలో ఉండాలి. సర్వే నంబరు తెలియకుంటే డైగ్లాట్ (ఊరి సర్వే నంబర్లుండే పాత రెవెన్యూ రిజిస్టరు) చూడాలి. ఇనాం (పన్ను మినహాయించి ఇచ్చిన భూమి) ఉన్న ఇళ్లకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు పంతొమ్మిదో శతాబ్దం దాకా తీసుకుపోతుంది. 1984లో కరణీకం రద్దయ్యాక కొన్ని పాత కాగితాలు కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి, మర్యాదగా అడిగితే చూపిస్తారు. తద్దినం పెట్టించే అయ్యవారి దగ్గర మూడు తరాల పేర్లు గోత్రంతో సహా ఉంటాయి. ముస్లింలకు ఖాజీ దగ్గరి నిఖానామా, క్రైస్తవులకు చర్చి బాప్తిస్మ రిజిస్టరు ఆ పని చేస్తాయి.

తప్పు ఆఫీసులో వెతికి రోజులు పోగొట్టుకునేది జిల్లాల మార్పుల వల్లే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్నాయి. మదనపల్లె 1911 దాకా కడపది. అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. మార్కాపురం, గిద్దలూరు 1970లో కర్నూలు నుంచి పోయాయి. నంద్యాల 2022లో వేరుపడింది. చీటీలో ‘అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా’ అని రెండు గడులు పెట్టుకోండి.

ఈ సరిహద్దుల తంటా మనకంటే ఎక్కువ పడ్డవాళ్లు యూదులు. తూర్పు ఐరోపాలో ఒకే ఊరు ఒక తరంలో ఆస్ట్రియాది, తర్వాత పోలండుది, ఆపైన సోవియట్‌ది, ఇప్పుడు ఉక్రెయిన్‌ది. హిట్లర్ కాలంలో ఊళ్లకు ఊళ్లే నాశనమయ్యాయి. బతికి బయటపడ్డవాళ్లు ఊరికొక స్మృతి గ్రంథం వేసుకున్నారు, వాటిని ఇజ్కోర్ పుస్తకాలంటారు: వీధుల పటం, వృత్తులు, పోయినవాళ్ల పేర్ల జాబితా. శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్లకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. పుస్తకంలో రెండు పేజీలు మునిగిన ఊరి పటానికే ఇవ్వండి, ఏ ఇల్లు ఎవరిదో గుర్తున్నవాళ్ల చేత గీయించండి. ఇంటిపేర్ల స్పెల్లింగు గోల తీర్చుకోడానికి 1985లో డేచ్, మోకోటాఫ్ అనే ఇద్దరు ధ్వనిని బట్టి ఆరంకెల సంకేతం తయారుచేశారు. మనకు అంత అక్కర్లేదు గానీ సూత్రం పనికొస్తుంది. ఇంగ్లీషు రికార్డులో ఇంటిపేరును ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదనుకోవద్దు. కడప పేరే పాత రికార్డుల్లో ‘సీ’తో, ఇప్పుడు ‘కే’తో మొదలవుతోంది. పోయిన తేదీని యూదులూ మనలాగే చాంద్రమానం ప్రకారం ఏటా పాటిస్తారు. అందుకే వాళ్ల సమాధి రాళ్ల మీద హీబ్రూ తేదీ ఉంటుంది, పక్కనే తండ్రి పేరూ ఉంటుంది. ఒక్క రాయికి రెండు తరాలు దొరుకుతాయి.

మన దగ్గర ఆ పని గుడి మెట్ల మీది దాతల బండలు, బడి గోడల్లోని కడప రాళ్లు చేస్తాయి. అరిగిన అక్షరాలు చదవడానికి సుద్ద, నూనె, పసుపు పూయొద్దు, రాయి పాడవుతుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పోండి. నీడలో ఉన్న బండకైతే పక్క నుంచి టార్చి వేయండి, లేదా అద్దంతో ఎండను బండ వారగా మళ్లించండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే నల్లరాయి అద్దంలా మెరిసి ఏమీ రాదు. ఇంకా కనపడకుంటే తడిగుడ్డతో తుడిచి కాసేపు ఆగండి. పైభాగం ఆరిపోయి గాట్లలో తడి మిగిలిన ఆ ఒకటి రెండు నిమిషాల్లో అక్షరం నల్లగా తేలుతుంది.

చేసిన సేవ

ఇక్కడ తక్కువ రాస్తేనే బాగుంటుంది. చలివేంద్రమో, బోరో, గ్రంథాలయం గదో, రక్తదాన శిబిరాలో, ఒక్కోదానికి ఏడు, చోటు, ఎంత ఖర్చు, డబ్బు ఎవరెవరిది, ఇప్పుడు నడుస్తోందా లేదా. రసీదు పుస్తకాల అడుగుకాగితాలు చూస్తే తోడున్నవాళ్ల పేర్లు దొరుకుతాయి, వాళ్లనూ వేయండి. సాయం పొందిన పిల్లల పేర్లు మాత్రం వద్దు. ఆయన పేరుతో బడిలో బహుమతి పెట్టేట్టయితే ఏటా చందా వేసుకోవడం మూడో ఏటికే ఆగిపోతుంది. డిపాజిట్ వేసి వడ్డీతో నడపండి. 6 శాతానికి 50,000 వేస్తే ఏటా 3,000. డిపాజిట్ బడి పేరు మీద వేయించి, రసీదు నకలు పుస్తకం చివర అచ్చు వేయండి.

అచ్చు

డెమీ 1/8 సైజు, 64 లేదా 80 పేజీలు. ఫారానికి 16 పేజీలు కాబట్టి 70 అనుకుంటే 10 పేజీలు ఖాళీ పోతాయి. లోపల 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో, ఫొటోలకు 130 జీఎస్ఎం ఆర్టు పేపరు 8 పేజీలు, అట్ట 300. వంశవృక్షం ఏ3లో వేయించి మడత పెట్టించండి. పుస్తకం మధ్యలో రెండు పేజీల మీద పరిస్తే కుట్టు దగ్గర ఒక తరం మొత్తం లోపలికి పోతుంది. రెండు మూడొందల ప్రతుల లోపైతే డిజిటల్, పైనైతే ఆఫ్‌సెట్.

డీటీపీ షాపుల్లో చాలావరకు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. మీరు ఫోన్లోనో వర్డ్‌లోనో కొట్టిన యూనికోడ్‌ను వాళ్లు కన్వర్టు చేస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు, క్ష, నకారపొల్లు చెదురుతాయి. మామూలు వాక్యంలో అది తెలిసిపోతుంది గానీ పేరులో జరిగితే ఎవరికీ అనుమానం రాదు. కాబట్టి ప్రూఫు కన్వర్టు అయ్యాకే, కాగితం మీదే చూడాలి. ఒకరు చీటీలోంచి గట్టిగా చదవాలి, రెండోవాళ్లు ప్రూఫు మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. తేదీలు అంకె అంకె విడదీసి చదవాలి.

బతికున్నవాళ్ల పుట్టినరోజులు, ఫోన్ నంబర్లు, ఆధార్, పీపీవో నంబర్లు అచ్చులోకి రాకూడదు. పుట్టిన సంవత్సరం చాలు. నకళ్లు వేస్తే ఆ అంకెల మీద ప్రింటు తీసేముందే నల్లగా పూయండి. తిథితో పాటు ఇంగ్లీషు తేదీ వేయండి, అమెరికాలో ఉన్న మనవడికి పంచాంగం చూడటం రాకపోవచ్చు.

సంవత్సరీకానికి నెలన్నర ముందు మ్యాటరు షాపుకు చేరాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయాన్ని, కడప వాళ్లైతే సీపీ బ్రౌన్ గ్రంథాలయాన్ని తీసుకుంటారేమో అడిగి ఒక్కో ప్రతి ఇవ్వండి. స్కాన్లు, జెడ్‌కామ్ ఫైలు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఊళ్లలో ఉంచండి. భోజనాల రోజు పుస్తకాల దొంతర పక్కన ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్సిల్ పెట్టండి. ‘మా అమ్మ పేరు తప్పు పడింది’ అని ఎవరో ఒకరు అంటారు. పేజీ నంబరు, చీటీ నంబరు, చెప్పినవాళ్ల పేరు అక్కడికక్కడే రాయించుకుని, నెల లోపల తప్పొప్పుల చీటీ వేయించి అందరికీ పంపండి.